ఇంట్లో గంట కొట్టకండి

జూన్ వచ్చిందంటే నలుగురు కలిసిన చోటల్లా ఒకటే మాట. మీవాణ్ణి ఏ బళ్ళో వేశారు, ఎంత కట్టారు, మూడేళ్ళు నిండినా ఇంకా వెయ్యకపోవడమేమిటి అని. మీ ఇంట్లోనూ ఈ చర్చ నడుస్తూనే ఉండుంటుంది. కూర్చోండి, కాసేపు కబుర్లు చెప్పుకుందాం. బడి పేరెత్తకముందు మీకో చిన్న పని అప్పజెబుతాను. ఇంట్లో మూడేళ్ళ పిల్లో పిల్లాడో ఉంటే, ఓ పూట వాళ్ళ మాటలు చెవిపెట్టి వినండి.

"అమ్మా, చెయ్యిలు కడిగేసుకున్నా" అంటుంది చిట్టితల్లి. మనం ముద్దుచేసి "చేతులు అనాలమ్మా" అంటాం. ఇంతకీ ఆ ఇంట్లో తాతయ్య గానీ, నాయనమ్మ గానీ, పక్కింటి పిన్నిగారు గానీ ఎన్నడైనా "చెయ్యిలు" అన్నారా? అనలేదు. ఎవరి నోటా వినని మాట పిల్ల నోట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చింది? బొమ్మ, బొమ్మలు, ఆవు, ఆవులు, కాయ, కాయలు అని విని విని, ఒకటికి మించి ఉంటే చివర "లు" తగిలించాలని తనంతట తనే సూత్రం కట్టుకుంది. ఆ సూత్రాన్ని కొత్త చోట ధైర్యంగా వాడి చూసింది. ఏకవచనం, బహువచనం అని బళ్ళో పాఠం చెప్పడానికి ఇంకా కొన్నేళ్ళు పడుతుంది. ఈలోగా "చెయ్యిలు" పోయి "చేతులు" దానంతటదే వచ్చేస్తుంది. ఎప్పుడు వచ్చిందో మనకు గుర్తు కూడా ఉండదు.

ఇంకోటి చూడండి. "మనం", "మేము" అని మనకి రెండున్నాయి కదా. తెలుగు నేర్చుకునే పరాయి భాషవాళ్ళు ఈ రెంటి దగ్గరా ఎంత తికమకపడతారో! నాలుగేళ్ళ పిల్లాడు పడడు. "మేం బజారుకెళ్తున్నాం" అన్నారంటే, తనని వదిలేసి వెళ్తున్నారని వాడికి తక్షణం తెలిసిపోతుంది. చెప్పులు వెతుక్కుంటూ మీకంటే ముందు గుమ్మంలో ఉంటాడు. తాతయ్యని మీరు అనాలనీ, అన్నయ్యని నువ్వు అనొచ్చనీ కూడా వాడికి ఎవరూ పట్టిక రాసివ్వలేదు.

నేను చాలా ఏళ్ళు చిన్న తరగతులకు పాఠాలు చెప్పినదాన్ని. బడంటే నాకు ప్రాణం. అయినా ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆశ్చర్యం తగ్గదు. మనిషి జీవితమంతటిలో నేర్చుకునే విద్యల్లో అతి కష్టమైనదాన్ని, ఒక భాషని, ప్రతి బిడ్డా ఇంట్లోనే నేర్చుకుంటున్నాడు. గంట లేదు, పరీక్ష లేదు, ర్యాంకు లేదు. మరి ఇల్లు ఏం చేస్తోందంటారు? నాకు తోచినంతవరకు, ఇల్లు పాఠం చెప్పదు, పనిలో కలుపుకుంటుంది. "ఆ గిన్నె ఇలా అందుకో" అన్నప్పుడు గిన్నె కళ్ళెదుట ఉంది, అవసరం ఉంది, అడిగిన మనిషి మీద ప్రేమ ఉంది. తప్పు పలికితే మార్కులు పోవు, పని మాత్రం జరిగిపోతుంది. పైగా తనకంటే రెండేళ్ళు పెద్దదైన అక్క, పదేళ్ళు పెద్దవాడైన బాబాయి, డెబ్భై ఏళ్ళ అమ్మమ్మ అందరూ ఒకే గదిలో ఉంటారు. ఒకే ఈడు పిల్లల్ని నలభై మందిని ఒక గదిలో కూర్చోబెట్టే పద్ధతి లోకంలో బడిలో తప్ప ఇంకెక్కడా కనపడదు.

మాటలే కాదు, లెక్కలు కూడా. సంక్రాంతి నెలలో వాకిట్లో చుక్కల ముగ్గు వేసే పిల్లని చూడండి. పదిహేను చుక్కలతో మొదలుపెట్టి, వరసకి రెండు తగ్గించుకుంటూ ఒకటి దాకా రావాలి. ఇటు తిప్పిన గీత అటు కూడా అలాగే తిరగాలి, లేకపోతే ముగ్గు కలవదు. అమ్మ పక్కన వంగి కూర్చుని చూసి చూసి నేర్చుకున్నదే అదంతా. వామనగుంటల పీట ముందు కూర్చున్న పిల్ల, ఏ గుంటలో చింతపిక్కలు తీసి పంచితే చివరి పిక్క ఎక్కడ పడుతుందో కళ్ళతోనే లెక్కేస్తుంది. ఆ పిల్లే బళ్ళో కూడికకి వేళ్ళు మడుస్తూ దిక్కులు చూస్తుంది.

ఈ చివరి మాట ఊరికే అనలేదు. బ్రెజిల్ దేశంలోని రెసీఫె నగరంలో ముగ్గురు పరిశోధకులు చేసిన ఒక పని 1985లో అచ్చయింది. వీధుల్లో కొబ్బరికాయలూ అవీ అమ్ముకునే పిల్లల దగ్గరికి కొనేవాళ్ళలా వెళ్ళి బేరమాడారు. పది కాయలెంత, ఇంత నోటిస్తే తిరిగి ఎంతిస్తావ్ అని అడిగారు. పిల్లలు నోటితోనే చెప్పిన జవాబుల్లో 98 శాతం సరైనవే. కొన్నాళ్ళాగి అవే లెక్కల్ని కాగితం మీద బడి లెక్కల్లా ఇచ్చారు. కథలాగా చెప్పిన లెక్కలు 74 శాతం వచ్చాయి. ఒట్టి అంకెలతో ఇచ్చినవి 37 శాతమే. కాయ ఒకటి 35 అయితే పది ఎంత అంటే, బడి చదువుకున్నవాడు పక్కన సున్నా చేరుస్తాడు. ఆ పిల్లాడు చేర్చలేదు. మూడు కాయలకి 105, ఇంకో మూడు కలిపితే 210, ఇంకో మూడు కలిపితే 315, మీద ఒకటి, 350 అన్నాడు. మూడేసి కాయల చొప్పున అమ్మడం వాడికి అలవాటై ఉండాలి, ఆ మూడు మీద నిలబడే వాడి గణితమంతా నడిచింది.

అంతకంటే నన్ను ఆలోచనలో పడేసింది మన దేశంలోని సంగతి. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం ఢిల్లీ, కోల్‌కతా బజార్లలో పనిచేసే పిల్లల మీద చేసిన అధ్యయనం 2025లో "నేచర్" పత్రికలో వచ్చింది. అక్కడా ఇదే కథ. చిల్లర నోటితో చెప్పేసే పిల్లలు, పుస్తకంలో భాగహారం కనిపిస్తే ఆగిపోయారు. అయితే ఈ అధ్యయనంలో రెండో సగం కూడా ఉంది. బడికి శుభ్రంగా వెళ్ళే పిల్లల్ని తెచ్చి బజారు లెక్కలు అడిగారు. వాళ్ళు పుస్తకం లెక్కలు కొంత మెరుగ్గానే చేశారు, బజారు లెక్కల దగ్గర చతికిలపడ్డారు. అంటే ఇంటా బజారునా నేర్చుకున్నది తనంతట తాను బడిలోకి నడిచిరాదు. బడిలో నేర్చుకున్నది తనంతట తాను బజారుకి వెళ్ళదు. మధ్యలో ఎవరో ఒకరు పిల్ల చెయ్యి పట్టుకుని దాటించాలి. ఈ కబుర్లన్నిటిలోనూ నేను మీకు గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

ఎందుకంటే ఈమధ్య మరో రకం మాటలు కూడా వింటున్నాను. బడే వద్దు, పిల్లలు సహజంగా అన్నీ నేర్చుకుంటారు, వదిలేస్తే చాలు అని. అమెరికాలో జాన్ హోల్ట్ అనే బడిపంతులు 1964లో పిల్లలు బళ్ళో ఎలా ఓడిపోతున్నారో పుస్తకం రాశాడు. భయంతో పిల్లవాడి బుర్ర ఎలా మూసుకుపోతుందో, తెలియకపోయినా తెలిసినట్టు నటించడం ఎలా అలవాటవుతుందో ఆయనంత ఓర్పుగా చూసినవాళ్ళు తక్కువ. చివరికి బడులు బాగుపడవని తేల్చుకుని, ఇంట్లోనే చదివించుకునే తల్లిదండ్రుల కోసం 1977లో ఒక పత్రిక పెట్టాడు. ఆయన చూసిన జబ్బు నిజమే. ఆయన చెప్పిన మందు మన ఊళ్ళకి సరిపోదని నా గట్టి నమ్మకం.

మాట వేరు, రాత వేరు. మాట చుట్టూ ఉంటే బిడ్డ పట్టేస్తుంది. "క" కి కొమ్మిస్తే "కు" అవుతుందని, "క్షేత్రం" రాయాలంటే దేని కింద ఏది చేర్చాలో, వింటూ కూర్చుంటే ఎవరికీ రాదు. ఎవరో ఒకరు కూర్చోబెట్టి, ఓపిగ్గా, ఒక వరసలో చెప్పాలి. చెప్పే మనిషికి అక్షరం వచ్చి ఉండాలి, తీరిక ఉండాలి. ఎన్ని ఇళ్ళలో ఆ రెండూ ఉన్నాయి?

కరోనా వచ్చి బడులు మూతపడినప్పుడు ఇది కళ్ళారా చూశాం. గ్రామాల్లో 3వ తరగతి పిల్లలకి 2వ తరగతి పాఠం ఇచ్చి చదివిస్తుంది అసర్ సర్వే. దేశం మొత్తమ్మీద 2018లో 27.3 శాతం మంది చదవగలిగారు. 2022లో అది 20.5కి పడిపోయింది. బడులు తెరిచి కొన్నాళ్ళు నడిచాక 2024లో మళ్ళీ 27.1కి వచ్చింది. బడి ఉన్నప్పుడు కూడా వందకి ఇరవై ఏడుగురేనా అని గుండె కలుక్కుమంటుంది, నిజమే. కానీ బడి లేకపోతే ఆ ఇరవై ఏడులోంచి కూడా ఏడుగురు జారిపోయారు. వాళ్ళ అమ్మానాన్నలకి ప్రేమ తక్కువై కాదు. కూలికి పోవాలి, లేదా చదువు రాదు.

చదువొచ్చిన తండ్రి, పట్టుదల ఉన్న తండ్రి అయినా ఇది తేలిక కాదు. గాంధీగారు దక్షిణాఫ్రికాలో తన పిల్లల్ని తెల్లవాళ్ళ బడికి పంపలేదు. మిగతా భారతీయుల పిల్లలకి దొరకని సౌకర్యం తన పిల్లలకి వద్దన్నారు. ఇంటి నుంచి ఆఫీసుకి నడిచి వెళ్తూ దారిలో గుజరాతీలో పాఠాలు చెప్పేవారు. తీరిక చిక్కక, అక్షరాల చదువు వాళ్ళకి చాలినంత ఇవ్వలేకపోయానని, పిల్లలకి ఆ కొరత మనసులో ఉండిపోయిందని ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. పెద్దకొడుకు హరిలాల్ చదువు కోసమే 1911లో తండ్రిని వదిలి దేశానికి వచ్చేశాడు. అంతటి మనిషి ఇంట్లోనే అలా జరిగితే, పొద్దున్న ఆరింటికి బస్సెక్కి రాత్రి తొమ్మిదింటికి ఇల్లుచేరే తండ్రి సంగతేమిటి?

ఇంటి చదువు గురించి మురిసిపోయే ముందు ఆడపిల్లల్ని కూడా తలుచుకోవాలి. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల్లో ఎన్ని బళ్ళున్నాయో లెక్క తియ్యమన్నాడు. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో వివరంగా జవాబు రాశాడు. ఈయనే తెలుగు వ్యాకరణం రాసినాయన. నేటి అనంతపురం సీమ కూడా అప్పట్లో బళ్ళారి జిల్లాలోదే. మొత్తం 533 బళ్ళు, వాటిలో 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు ఎంతమందనుకున్నారు? 60 మంది. మిగతా ఆడపిల్లలంతా అమ్మ దగ్గర, అమ్మమ్మ దగ్గర సహజంగా నేర్చుకున్నవాళ్ళే. ముగ్గులు, పాటలు, పథ్యం, పాడి, పురుడు అన్నీ నేర్చారు. ఉత్తరం వస్తే మాత్రం ఎవరి చేతనో చదివించుకున్నారు. కందుకూరి వీరేశలింగంగారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టినప్పుడు, ఆ ఇళ్ళలో లేనిదొకటి ఆ పిల్లలకి ఇచ్చారు. కులవృత్తి సంగతీ అంతే. నేతగాడి కొడుకు మగ్గం దగ్గర ఎంత గొప్ప లెక్క నేర్చినా, ఆ మగ్గం తప్ప మరోటి ఎంచుకునే దారి ఇల్లు చూపించదు. శాంతా సిన్హాగారి ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు రంగారెడ్డి జిల్లాలో పొలాల్లో, కొట్టాల్లో పనిచేసే పిల్లల్ని తీసుకొచ్చి శిబిరాల్లో కొన్ని నెలలు చదివించి, ఈడుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. పనిలో మునిగిన బిడ్డని "అనుభవంతో నేర్చుకుంటున్నాడులే" అని వదిలేయకూడదని వాళ్ళు పట్టుబట్టారు. ఆ పట్టుదలకి నేను చేతులెత్తి మొక్కుతాను.

అయితే మంచి బడి ఎలా ఉంటుందంటే, ఇంటి గుణాలు కొన్ని ఉన్నదే మంచి బడి. ఆ క్యాంప్‌బెల్ రిపోర్టులోనే చూడండి. పొద్దున్నే బడికి మొదట వచ్చిన పిల్లాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్నా. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు. ఆ దెబ్బలు మనకొద్దు. కానీ అదే బళ్ళో పిల్లలు ఇసకలో వేలితో దిద్దుతూ అక్షరం నేర్చేవారు, పెద్ద తరగతి పిల్లలు చిన్నవాళ్ళకి చెప్పేవారు. మద్రాసులో ఇది చూసిన ఆండ్రూ బెల్ అనే పాదిరీ ఇంగ్లండు పట్టుకుపోయి "మద్రాసు పద్ధతి" అని ప్రచారం చేశాడు. 1907లో రోము నగరంలో మరియా మాంటిస్సోరి గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి పిల్లల చేత వేలితో తడిమించింది. తల్లిదండ్రులు కూలికి పోతే ఆ పేదల వాడలో ఒంటరిగా తిరిగే పిల్లలు వాళ్ళు. వేలికి తెలిసింది కంటికి తెలుస్తుందనే ఆ ఊహ మన వీధిబడికీ, ఆవిడకీ విడివిడిగానే తట్టింది. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం ముగిసేదాకా మన దేశంలోనే ఉండి ఎందరో టీచర్లకి శిక్షణ ఇచ్చింది. ఈరోజు ఊరూరా ఆవిడ పేరుతో బోర్డులున్నాయి. లోపలికి వెళ్తే మూడేళ్ళ పిల్లలు నాలుగు గీతల పుస్తకంలో వంగి రాస్తూ కనపడతారు. నాకు కడుపు తరుక్కుపోతుంది.

గుజరాతులో గిజుభాయి బధేకా గారి కథ అందుకే నాకు ఇష్టం. ఆయన వకీలు. కొడుకు పుట్టాక, వీణ్ణి ఎలా పెంచాలా అని చదవడం మొదలుపెట్టి, వకాల్తా వదిలేసి 1920లో భావనగర్‌లో పిల్లల బడి పెట్టారు. ఆయన రాసిన "దివాస్వప్న" లో ఒక మేష్టారు నాలుగో తరగతిని ఒక్క ఏడాది తన పద్ధతిలో నడపడానికి అనుమతి తెచ్చుకుంటాడు. మొదటి రోజు పుస్తకాల్లో చదివొచ్చిన నిశ్శబ్దం ఆట ఆడిద్దామని చూస్తాడు. పిల్లలు గోల గోల చేసి క్లాసు పీకి పందిరేస్తారు. మర్నాడు కథ మొదలుపెడతాడు. అంతే, క్లాసు కదలదు. పద్ధతి ఓడిన చోట, ప్రతి ఇంట్లో అమ్మమ్మకి తెలిసిన పని గెలిచింది. ఆ కథల్లోంచే నెమ్మదిగా చదవడం, రాయడం, చరిత్ర, వ్యాకరణం పుట్టించుకుంటాడు. మన చలంగారు కూడా బళ్ళ ఇన్‌స్పెక్టరుగా తిరిగి, చూసినదంతా కడుపులో రగిలి "బిడ్డల శిక్షణ" రాశారు. పిల్లలు మన ఆస్తి కాదని ఆనాడే అంత సూటిగా చెప్పినవారు అరుదు.

మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బళ్ళు మరీ ముచ్చట. ఒకే గది, ఒకే టీచరు, అన్ని ఈడుల పిల్లలు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఒక నిచ్చెనలా వరస కట్టి గోడకి పెట్టారు. పిల్ల తన మెట్టు తనే చూసుకుని, దానికి సరిపడే కార్డు తనే తెచ్చుకుంటుంది. కొత్త విషయమైతే టీచరు పక్కన కూర్చుంటుంది, వచ్చినదైతే స్నేహితురాలికి చెబుతుంది. జ్వరం వచ్చి నాలుగు రోజులు రాకపోయినా, ఆగిన మెట్టు దగ్గరే మళ్ళీ మొదలు. పాఠం వెళ్ళిపోయిందన్న బెంగ లేదు. గుణింతమూ వస్తుంది, ఇంట్లో ఉన్న ధీమా కూడా ఉంటుంది. తమిళనాడు బడులు కూడా ఈ పద్ధతి నుంచి నేర్చుకున్నాయి.

బడి ఇంటిలా మారడానికి ఇంతమంది ఇంత పాటుపడుతుంటే, మనం ఏం చేస్తున్నామంటే, ఇంటిని బడి చేస్తున్నాం. సాయంత్రం పిల్లాడు బూట్లు విప్పకముందే సంచి తెరిచి డైరీ చూస్తాం. యూకేజీ పిల్లకి ట్యూషన్. అన్నం ముద్దకీ ముద్దకీ మధ్య ఒకట్రెండు స్పెల్లింగులు. అమ్మ టీచరైపోయింది, నాన్న ఇన్‌స్పెక్టరైపోయాడు. మరి ఆ బిడ్డకి అమ్మా నాన్నా ఎవరు? ఇల్లు మాత్రమే ఇవ్వగలిగినది ఇవ్వడానికి ఇక చోటేదీ? అంత తొందరేమిటో చెప్పండి. ఫిన్లాండులో ఏడేళ్ళకి గానీ బడి చదువు మొదలవదు. మన 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఆటపాటలతోనే పునాది వెయ్యమంది. ఆరేళ్ళు నిండేదాకా ఇంట్లో పెన్సిలు పట్టించి రాయించకండి అని నేనైతే గట్టిగా చెబుతాను. వాళ్ళంతట వాళ్ళు గోడ మీద గీస్తే గీయనివ్వండి.

ఇల్లు ఇవ్వాల్సింది ఇల్లు ఇవ్వకపోతే ఏమవుతుందో బాగా తెలిసినవాళ్ళు అమెరికాలో ఉన్న మనవాళ్ళు. అక్కడ 2007 నుంచి సిలికానాంధ్ర మనబడి వాళ్ళు వారాంతాల్లో తరగతులు పెట్టి వేలమంది పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పుతున్నారు. అక్షరం నేర్పడం బడి పని, చక్కగా చేస్తున్నారు. కానీ ఇంటికొచ్చాక అమ్మానాన్నా ఇంగ్లీషులోనే మాట్లాడితే, ఆ పిల్ల "మనం", "మేము" ఎక్కడ నేర్చుకోవాలి? చదవగలుగుతుంది గానీ చదివిందేదీ తనది కాదు. అమ్మమ్మ ఫోనులో "ఏం తిన్నావే?" అంటే, నవ్వి ఫోను అమ్మకిచ్చేస్తుంది.

మొన్న ఒక కుర్రతండ్రి అడిగాడు, "అత్తయ్యగారూ, నాకు రోజుకి అరగంటే దొరుకుతుంది, ఏం నేర్పమంటారు?" అని. ఏమీ నేర్పొద్దు నాయనా అన్నాను. ఆదివారం రైతుబజారుకి తీసుకెళ్ళు, వంకాయలు అరకిలో ఎంతో వాడినే అడగమను, చిల్లర వాడి చేతికే ఇప్పించు. ఇంటికొచ్చాక అదే లెక్క ఓ కాగితం మీద ఇద్దరూ కలిసి వేసి చూడండి. ఆ దాటించే పని నీదే. రాత్రి ఓ కథల పుస్తకం చదివి వినిపించు, అక్షరాలు చూపించకపోయినా పర్లేదు, పేజీ తిప్పే పని వాడికివ్వు. చదువు రాని అమ్మ అయితే చదవక్కర్లేదు, పొడుపుకథలు వెయ్యమను. ఇక అన్నం తినేటప్పుడు మాత్రం ఆ డైరీ సంచిలోనే ఉండనివ్వు. "ఏం చెప్పారు, అప్పజెప్పు" అనకు. వాడు ఏదో చెప్పబోతాడు, స్నేహితుడి పెన్సిలు ఎవరో తీసేసుకున్న కథే అయ్యుంటుంది. పూర్తిగా విను. తర్వాత ఏమైందో నువ్వే అడుగు.